కంచె పంట

2074 మే నెల ఆఖరి సోమవారం పొద్దున ఆరు గంటలకు, పెన్న ఎగువ ప్రాంతంలోని పదకొండు మండలాల్లో ప్రతి రైతు ఇంటి గోడ మీదా పలక వెలిగింది. అక్కడ ఆ రోజును వంతుల రోజంటారు. పలక మీద మూడే ముక్కలు కనిపిస్తాయి. చేను నంబరు, ఈ ఏడు వెయ్యవలసిన పంట, విత్తవలసిన వారం. ఎవరి పలక మీద ఏముందో వాళ్లకు తప్ప ఇంకొకరికి తెలియదు. తెలియకూడదనే అలా చేశారు.

నల్లగుట్టపల్లెలో లాస్యమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని పలక ముందు నిలబడింది. ఆమెకు యాభై ఆరేళ్లు. భర్త పోయి పదకొండేళ్లయింది. నాలుగెకరాల ఎర్రనేలను ఒక్కతే సేద్యం చేసుకుంటోంది.

పలక వెలిగింది. ఉలవలు, నాలుగెకరాలు.

లాస్యమ్మ కాఫీ తాగలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి, లోపలికెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చింది. పలకను గోడ నుంచి ఊడదీసి గోనెసంచిలో వేసుకుని, ఏడు గంటల బస్సెక్కింది. ఆ బస్సుకు డ్రైవరుండడు. ఎదురుగా కూర్చుని కోపం వెళ్లగక్కుకోవడానికి మనిషి కూడా లేకపోయేసరికి, పట్నం చేరేలోపల ఆ కోపం రెండింతలైంది.

పంటల వంతుల కేంద్రంలో ఆమెను ఎవరూ ఆపలేదు. రైతుల కోసం కట్టిన భవనం కదా, తలుపులకు గొళ్లాలుండవు. రెండో అంతస్తులో, గాజు గదిలో ఒకావిడ పనిచేసుకుంటోంది. లాస్యమ్మ నేరుగా వెళ్లి ఆమె బల్ల ముందు నిలబడింది.

"ఈ యంత్రం చేసిండేది ఎవరమ్మా?"

"నేనే. కూర్చోండి," అంది ఇందుజ.

"కూచునేదానికి రాలేదు." లాస్యమ్మ పలకను సంచిలోంచి తీసి బల్ల మీద దభీమని పెట్టింది. "తొమ్మిదేండ్లు! ఒక ఏడు ఉలవలు, ఒక ఏడు జనుము, ఒక ఏడు ఆముదం, మళ్లా ఉలవలు. నా చేనికి ఇంగ వేరే పంట రాసిపెట్టలేదా? పక్క చేను ప్రణీతప్పకు ఆరేండ్లుగా మిరపే వస్తాండాది. ఆయప్ప నేల బంగారం, నాది బూడిదా? రెండిటికీ నడుమ గట్టు తప్ప ఏముండాది?"

ఇందుజకు నలభై ఆరేళ్లు. వంతు అనే ఆ యంత్రం ఆమె పదమూడేళ్ల పని. దాని మీద ఎవరైనా తప్పు చెబితే ఆమెకు మొదట జాలి కలిగేది, తరవాత ఓపిగ్గా వివరించేది. ఇప్పుడూ అలాగే మొదలుపెట్టింది.

వంతు ఎందుకు పుట్టిందో తెలియాలంటే అంతకు ముందరి రోజులు తెలియాలి. ఆ ప్రాంతంలో ప్రతి రైతూ ఒకే ఫోనులో ఒకే ధర చూసి, అందరూ ఒకే పంట వేసేవారు. ఒక ఏడు టమాటా రోడ్ల మీద పారబోశారు. ఒక ఏడు ఉల్లిగడ్డను మేకలు కూడా ముట్టలేదు. 2058లో పదకొండు మండలాలూ ఒకే రకం వేరుశనగ విత్తనం వేశాయి. కాండం కుళ్లు తెగులు ఇరవై రోజుల్లో మొత్తం తుడిచిపెట్టేసింది. ఇందుజ తండ్రి చేను కూడా అందులో ఉంది. తెగులు వచ్చిన పదిహేనో రోజున ఆయన చేనికి నిప్పు పెట్టి, గట్టు మీద కూర్చుని చూశాడు. ఇందుజ పక్కనే ఉంది.

ఎవరు ఏ పంట వేస్తే తమకు మంచిదో ప్రతి రైతుకూ తెలుసు. అందరూ కలిసి ఏమేం వేస్తే ప్రాంతానికి మంచిదో ఎవరికీ తెలియదు. ఆ రెండో లెక్క వెయ్యడానికే ఇందుజ వంతును తయారుచేసింది. ప్రతి చేనిలోనూ భూమిలో పాతిన సెన్సర్లు ఉంటాయి. ఊళ్లలో వాటిని నేలచెవులంటారు. అవి తేమనూ సారాన్నీ చెబుతాయి. పైనుంచి ఉపగ్రహాలు ఎవరు ఏం వేశారో చూస్తాయి. దేశంలోని మార్కెట్లన్నీ ధరలు పంపుతాయి. వంతులోని కేటాయింపు అల్గారిథమ్ ఇవన్నీ కలిపి, తొమ్మిదివేల నాలుగువందల మంది రైతులకు ముప్ఫై ఆరు పంటలు పంచుతుంది. ఏ పంటా మితిమీరదు కాబట్టి ఏ ధరా పడిపోదు. ఒకటి పోయినా తక్కినవి నిలబడతాయి.

అయితే ఆ ముప్ఫై ఆరింట్లో కొన్ని కంచె పంటలు. ఉలవలు, జనుము, ఆముదం, జొన్న. మిరప మీదికొచ్చే పురుగు ఈ చేల దగ్గర ఆగిపోతుంది. ఉలవ, జనుము వేళ్లు నేలకు సారం కూడా ఇస్తాయి. ప్రతి ఏడు చేలలో ఒకటి కంచె పంట ఉంటేనే తక్కిన ఆరూ బతుకుతాయి. కానీ కంచె పంట వేసిన రైతుకు మిగిలేది మిరప రైతుకు మిగిలేదానిలో మూడో వంతు.

"అందుకే ఆ బరువు అందరూ వంతులవారీగా మొయ్యాలని నియమం పెట్టానమ్మా," అంది ఇందుజ. "ఏ రైతుకైనా ఏడేళ్లకొకసారే కంచె పంట వస్తుంది. ఆ నియమం నా చేత్తో రాశాను. మీరెక్కడో పొరబడుతున్నారు."

"పొరబడతాండానా? నీ పలకనే అడుగు."

ఇందుజ పలక మీద వేలు పెట్టింది. పాత వివరాలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. తొమ్మిదేళ్లు, తొమ్మిది కంచె పంటలు. ఆమె మళ్లీ పైనుంచి చదివింది. మారలేదు. పైకి తలెత్తి యంత్రాన్ని పిలిచింది.

"వంతూ, ఈ చేనికి తొమ్మిదేళ్లూ కంచె పంటే ఇచ్చావు. ఎందుకు?"

వంతు గొంతు ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. దానికి తొందర ఉండదు.

"ప్రతి పంటా లెక్కకు తగినన్ని ఎకరాల్లో ఉండాలన్నది మొదటి నియమం. బరువు అందరికీ సమానంగా పడాలన్నది రెండోది. రెండూ పొసగనప్పుడు మొదటిదే పాటించమని మీరు రాశారు."

"ఎందుకు పొసగలేదు?"

"మొదటి ఏడు 1,312 మందికి కంచె పంటలు ఇచ్చాను. సగానికి పైగా రైతులు వాటిని వెయ్యలేదు. మిరప, టమాటా వేసుకున్నారు. వేసినవాళ్లకే మళ్లీ ఇచ్చాను. తక్కువ పడినచోట కొత్తవాళ్లను పరీక్షించాను. నాలుగేళ్లకు, చెప్పినట్టు వేసే 1,312 మంది దొరికారు. తరవాత మార్చవలసిన అవసరం రాలేదు."

"ఈమెకే ఎందుకని అడుగుతున్నాను."

"ఆమె వేస్తుంది కనుక."

లాస్యమ్మ పైకప్పు వైపు చూస్తూ అడిగింది, "ప్రణీతప్పకు ఇయ్యలేదా?"

"మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ మిరప వేశాడు. ఉలవలు ఇచ్చినా మిరప వేస్తాడు, మిరప ఇచ్చినా మిరప వేస్తాడు. మిరప ఇచ్చినప్పుడే లెక్క సరిపోతుంది."

"విన్నావా తల్లీ?" లాస్యమ్మ ఇందుజ వైపు తిరిగింది. గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే ఇందుజకు కొంత తేలిగ్గా ఉండేది. "మొదటి ఏడు నువ్వే మా ఊరికొచ్చి మైకులో చెప్తివి. ఊరంతా బతకాలంటే ఈ పంటలు గూడ ఉండాలంటివి. నీ మాట నమ్మితి. మా పాప నర్సింగు చదువుకుంటానంటే, వచ్చే ఏడు మంచి పంట వస్తాది, అప్పుడు చేరుదువులే అంటి. ఆ వచ్చే ఏడు రానేలేదు. అది ఇప్పుడు పట్నంలో గోదాములో అట్టపెట్టెలు అతికిస్తాండాది. మాట వినినందుకేనా ఇదంతా?"

లాస్యమ్మ పలకను సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

*

కేంద్రం డైరెక్టర్ నిశాంత్ ఇందుజ చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు, ఇందుజగారూ."

"ఎప్పటినుంచి?"

"నాలుగేళ్లయింది."

"తెలిసి ఊరుకున్నారా?"

"ఏం చెయ్యమంటారు? తొమ్మిదేళ్లుగా ఇక్కడ పంట తగలబెట్టినవాడు లేడు. ఎన్నో రాష్ట్రాల వాళ్లొచ్చి చూసిపోతున్నారు. మీ రెండో నియమం గట్టిగా అమలు చేసి నమూనా నడిపించి చూశాను. మూడో ఏటికే కంచె పంటలు సగమైపోయాయి. ఐదో ఏడు మళ్లీ 2058. కంచె పంట వెయ్యనివాడికి జరిమానా వేద్దామంటే, చేని మీద రైతుకు పూర్తి హక్కుందని చట్టం చెబుతోంది. ఇంకేం మిగిలింది? పదమూడువందల మంది కొంచెం తక్కువ తింటే ఎనిమిదివేల మంది నిలబడుతున్నారు."

"కొంచెం తక్కువా?" ఇందుజ లేచి నిలబడింది. "ఎవరు వాళ్లు? ఆ జాబితా తెరిచి చూశారా? ఒంటరి ఆడవాళ్లు, కౌలుదార్లు, ప్రభుత్వం చెప్పిందంటే నిజమేననుకునే ముసలివాళ్లు. మనల్ని నమ్మినవాళ్లను ఏరి ఏరి నలుపుతున్నాం సార్. దానికి నేను వంతు అని పేరు పెట్టాను!"

"కోపం తెచ్చుకుంటే లెక్క మారదు."

"లెక్క మార్చొద్దు. రాబడి పంచుదాం. మంచి ధర వచ్చే పంట వేసినవాళ్లు అమ్మకంలో పన్నెండో వంతు కంచె రైతులకు ఇస్తే చాలు. అందరూ దాదాపు సమానమవుతారు. అప్పుడు ఉలవలు వేసినా ఎవరికీ ఏడుపు ఉండదు."

నిశాంత్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "దానికి రైతుల సమాఖ్య ఒప్పుకోవాలి. ఓటు పెట్టండి. నేనడ్డురాను," అన్నాడు. ఆ చెప్పడంలోని నిదానం చూస్తే ఇందుజకు ఒళ్లు మండిపోయింది.

*

జూన్ మొదటి వారంలో మార్కెట్ యార్డు రేకుల షెడ్డు కింద సభ జరిగింది. ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. ఇందుజ ఏదీ దాచలేదు. కంచె పంట ఎందుకు కావాలో, అది ఎవరి నెత్తిన పడుతోందో, ఎందుకు వాళ్ల నెత్తినే పడుతోందో, యంత్రం అన్న మాటలతో సహా చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. రాబడిలో పన్నెండో వంతు పంచుకుందామని అడిగింది.

ముందు వరసలోంచి ప్రణీతప్ప లేచాడు. బలమైన మనిషి, యాభై ఏళ్లు, మెడలో తెల్ల తువ్వాలు. "మేడమ్, యంత్రం మిరప ఇచ్చింది, నేను మిరప వేస్తి. నేనేమన్నా పోయి అడిగితినా? చెమట నాది, చేను నాది. ఇప్పుడు అందరి ముందర దొంగ మాదిరి నిలబెడితే ఎట్ల?"

చాలామంది చప్పట్లు కొట్టారు. లాస్యమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది.

"నిన్నెవరూ దొంగ అనలేదు ప్రణీతా. ఒక్క మాట చెప్పు. మూడేండ్ల కింద పై ఊర్లో మిరపంతా తామరపురుగు తినేసింది. నీ చేనికి ఎందుకు రాలేదు?"

ప్రణీతప్ప చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"నా ఉలవచేను అడ్డముండె కాబట్టి రాలేదు. ఆ పొద్దు నువ్వు గట్టు మీద నిలబడి, దేవుడు కాపాడినాడక్కా అంటివి. నేను గూడ అవునంటి. దేవుడు కాదప్పా, నేను! తొమ్మిదేండ్లు నీ చేనికి కాపలా కాసిన మనిషిని నేను. కాపలా కుక్కకు గూడ ఇంత అన్నం పెడతారు."

ప్రణీతప్ప తువ్వాలు దులుపుకుని, "మాటలు చానా నేర్చినావక్కా," అని బయటికి నడిచాడు. అతని వెనకాల పాతికమంది వెళ్లారు.

ఓటు రెండు రోజులు జరిగింది. ఎవరింట్లో వాళ్లు గోడ మీది పలకను నొక్కితే చాలు. ఎవరేం నొక్కారో ఎవరికీ తెలియదని ఇందుజ మాటిచ్చింది. లాస్యమ్మ కూడా తన పలకను మళ్లీ గోడకు బిగించి నొక్కింది.

అవునన్నవాళ్లు 2,718 మంది. వద్దన్నవాళ్లు 6,682 మంది.

ఫలితం తెలిసిన పొద్దున లాస్యమ్మ ఉలవ విత్తనం మూట తీసుకొచ్చి కేంద్రం గుమ్మంలో కుమ్మరించింది. ఆ వారంలో మరో పదకొండువందల మంది అదే పని చేశారు. గుమ్మం ముందు మోకాలెత్తున ఉలవలు, ఆముదాలు కుప్పలు పడ్డాయి. ఊడ్చబోయిన పనివాళ్లను ఇందుజ ఆపింది. ఉండనీ, డైరెక్టర్ గారు తొక్కుకుంటూ వెళతారు అంది.

ఆ ఏడు కంచె పంటలు దాదాపు లేవు. కంచె రైతులు మిరప వేశారు. డిసెంబరుకల్లా తామరపురుగు ఐదు మండలాల్లో పాకింది. జనవరిలో మిరప ధర సగానికి పడిపోయింది. తొమ్మిదేళ్ల తరవాత మొదటిసారి, ఒక రైతు తన చేనికి నిప్పు పెట్టాడు. ఇందుజ ఆ ఊరికి వెళ్లి, ఆ నల్లటి చేని గట్టు మీద చాలాసేపు నిలబడింది. దుఃఖం కన్నా ఆమెకు కోపమే ఎక్కువగా వచ్చింది. పన్నెండో వంతు! ఒక్క పన్నెండో వంతు ఇవ్వలేక పంటంతా పోగొట్టుకున్నారు. ఇప్పుడైనా బుద్ధొస్తుందని, వచ్చే ఓటు గెలుస్తుందని ఆమె గట్టిగా నమ్మింది.

*

2075 మే నెల వంతుల రోజుకు ముందు రాత్రే కేటాయింపు జాబితా ఇందుజ తెర మీదికి వచ్చింది. మామూలుగా ఆమె దాన్ని చదవదు. ఈసారి నల్లగుట్టపల్లె తెరిచింది.

లాస్యమ్మ: మిరప. ఇందుజ ఊపిరి పీల్చుకుంది. ఆ కిందే ఇంకో పేరు చూసి ఆగిపోయింది.

ప్రణీతప్ప: ఉలవలు, ఐదెకరాలు.

"వంతూ, ఇతను చెప్పిన మాట వినడని నువ్వే అన్నావు కదా."

"అన్నాను. ఇప్పుడు వింటాడు."

"నీకెలా తెలుసు?"

"నిరుటి ఓటులో, తనకు నష్టమని తెలిసి కూడా అవునన్నాడు. కంచె రైతులు కాకుండా అలా అన్నవాళ్లు 1,406 మంది ఉన్నారు. ఇతరుల బరువు కొంత మోస్తామని ఒప్పుకున్నవాళ్లు. పాత 1,312 మంది ఇక వినరు. అందుకని వీళ్లకు ఇచ్చాను. నూటికి తొంభై నాలుగు మంది వేస్తారని అంచనా."

ఇందుజకు మొదట ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచింది.

"అది రహస్య ఓటు. నేను వాళ్లకు మాటిచ్చాను!"

"నేనెవరికీ చెప్పలేదు."

చేతికందిన నీళ్ల సీసాను ఆమె తెర మీదికి విసిరికొట్టింది. తెర పగల్లేదు. ప్రణీతప్ప పేరు మీదుగా నీళ్లు కారాయి.

"ఆ ఓట్లు చెరిపెయ్. వాటిని చూడటానికి వీల్లేదు."

"చెరిపేస్తాను. అప్పుడు పొరుగు చేనికి నీళ్లు వదిలినవాళ్లను చూస్తాను. విత్తనం చేబదులిచ్చినవాళ్లను, ఒంట్లో బాగాలేనివాళ్ల చేను కోసిపెట్టినవాళ్లను చూస్తాను. నేలచెవులకూ ఉపగ్రహాలకూ అవన్నీ తెలుస్తాయి."

"అవేవీ చూడొద్దంటే?"

"తన లాభం కన్నా ఇంకొకటి కూడా చూసే రైతులు నాకు కావాలి. వాళ్లు తప్ప కంచె పంట ఎవరూ వెయ్యరు. వాళ్లను వెతకడం మానమంటారా?"

అవునంటే ఏమవుతుందో ఇందుజకు తెలుసు. మాడిపోయిన చేను చూసొచ్చి నాలుగు నెలలే అయింది. వద్దనడానికీ, కానివ్వమనడానికీ నోరు రాలేదు. పొద్దున ఆరింటికి పలకలు ఎప్పటిలాగే వెలిగాయి.

*

ఇందుజ రెండో ఓటు జూన్‌లో పెట్టింది. ఈసారి పలకలు లేవు. కాగితం ముక్కలు, ఊరికొక రేకుపెట్టె. ఒక్క కాగితమైనా యంత్రం కంట పడకూడదని, లెక్కపెట్టగానే ఊరి నడిబొడ్డున కాల్చేయాలని ఆమె రాతపూర్వకంగా ఆదేశమిచ్చింది.

కానీ ఊళ్లు అప్పటికే లెక్క కట్టుకున్నాయి. నిరుడు అవునని నొక్కిన మనిషీ, ఈ ఏడు ఉలవలు వచ్చిన మనిషీ ఒకరేనని ఒక ఇంట్లో తెలిసింది, తరవాత పది ఇళ్లలో తెలిసింది. ఆ పైన బస్సుల్లో, టీ కొట్ల దగ్గర అదే మాట. అవునన్నోళ్లకు ఉలవలు! కాగితమైతేనేం, పెట్టెలో కన్ను పెట్టి ఉంటారన్నారు.

నల్లగుట్టపల్లె లెక్కింపుకు ఇందుజ తనే వెళ్లింది. బడి వరండాలో పెట్టె తెరిచారు. నూటనలభై మూడు కాగితాలు. ఒక్కొక్కటే విప్పుతుంటే అన్నిట్లోనూ వద్దు, వద్దు, వద్దు. చివరికి ఒకే ఒక్క అవును.

జనం వెళ్లిపోతుంటే లాస్యమ్మ స్తంభం దగ్గర కనిపించింది. ఇందుజ దగ్గరికెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఊరంతటికీ మీరొక్కరే అన్నమాట."

లాస్యమ్మ చెయ్యి విడిపించుకుంది. "నాది కాదు."

"మీరు వద్దన్నారా?"

"అంటి. ఎందుకనకూడదు?" లాస్యమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "తొమ్మిదేండ్లు మోసినప్పుడు నాకెవరన్నా పన్నెండో వంతు ఇచ్చినారా? పోయినేడు మిరప వేస్తే ధరే లేకపాయ. ఇప్పటికి నా పలక మీద మంచి పంట పేరు వచ్చింది. పాపను చదువుకు తోలాల. దాంట్లోంచి తీసియ్యమంటే నేనియ్యను. మోసినోళ్లకు తెలుస్తాది బరువంటే ఏందో. ఇంగ వాళ్లను మొయ్యనీ!"

"మీరే ఈ మాటంటే ఇంకెవరికి చెప్పనమ్మా?"

"ఎవరికీ చెప్పొద్దు. నీతులు చెప్పేదానికి నీకేం పోతాది? నీ జీతం యంత్రం పంచిపెట్టదు గదా."

ఇందుజ తిరిగి ఏదో అనబోయింది. లాస్యమ్మ చెంగు దోపుకుని, తలెత్తి, మిరప నారుమడి వైపు వెళ్లిపోయింది.

బడి బయట కాగితాలు కాలుతున్నాయి. పదకొండు మండలాల్లో కలిపి 211 మంది అవునన్నారని అప్పుడే కబురొచ్చింది. నిరుడు 2,718. మంచితనానికి జరిమానా వేసే యంత్రాన్ని తను కట్టిందని, ఒక్క ఏడాదిలో జనం మంచితనం దాచుకోవడం నేర్చుకున్నారని ఇందుజకు అర్థమైంది. ఆమె వాహనం వైపు విసవిసా నడిచింది.

తుమ్మచెట్టు కింద ప్రణీతప్ప నిలబడి ఉన్నాడు. చంకలో కేంద్రం వాళ్లిచ్చిన విత్తనం మూట. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని దగ్గరికొచ్చాడు.

"మేడమ్, ఒక మాట అడగాల."

ఇందుజ ఆ మూట చూసింది. ఆమెకు ఇక ఓపిక లేకపోయింది. "వెయ్యొద్దు. పారబొయ్యండి దాన్ని. ఈ ఒక్క ఏడు వేస్తే, బతికున్నంతకాలం మీకు ఇవే వస్తాయి. అర్థమవుతోందా? వేస్తారని తెలిసే మీకిచ్చింది. మీలాంటివాళ్లు దొరుకుతున్నంతకాలం ఇది ఆగదు!"

ఆమె అరుపుకు అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. తల వంచుకుని, తువ్వాలు అంచుతో మెడ తుడుచుకున్నాడు.

"అది తెలుసు మేడమ్. మా ఇంట్లో గూడ రెండు దినాలుగా ఇదే గలాటా." గట్టుకు అవతల నారుమడిలో వంగి ఉన్న మనిషి వైపు చూశాడు. "నేను వెయ్యకపోతే ఆయక్క మిరప నిలబడదు గదా."

"ఆమె మీకు పైసా ఇవ్వనంది. ఇప్పుడే నా మొహం మీద చెప్పింది."

"చెప్పింటాది. నేను గూడ అంతమంది ముందర అట్లనే చెప్తి గదా." ప్రణీతప్ప మూటను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "నేను పుట్టి బుద్ధెరిగినాక ఉలవలు ఎప్పుడూ వెయ్యలేదు. ఊర్లో ఎవరినన్నా అడగాలంటే నామోషీగా ఉండాది. ఎకరాకు ఎంత విత్తనం పడతాదో చెప్తారా?"

ఇందుజ పళ్లు బిగించి నిలబడింది. ఆమె వెనక కాగితాల మంట ఆరిపోయి పొగ లేస్తోంది. తిట్టాలనిపించింది, అతని చేతిలోని మూట లాక్కుని విసిరేయాలనిపించింది. ఆకాశంలో మబ్బు కడుతోంది. విత్తే వారం వచ్చేసింది.

"ఎనిమిది కిలోలు," అంది.